అంపైర్ లేని ఆట... ఆ పేట పిల్లలకు బతుకు పాఠం

గోల్ఫ్ అంటే మన దృష్టిలో డబ్బున్నవాళ్ల ఆట. అమెరికాలోనూ చాలాకాలం అంతే. కానీ అట్లాంటాలో ఒకప్పుడు తుపాకుల మోతకు పేరుపడిన ఓ పేటలో ఇప్పుడు బడిపిల్లలు లెక్కలు, సైన్సుతో పాటు గోల్ఫూ నేర్చుకుంటారు. ఛాంపియన్లు కావడానికి కాదు... ఎవరూ చూడనప్పుడు కూడా నిజం చెప్పడానికి, తప్పిన దెబ్బను మరిచి ముందుకెళ్లడానికి, ఎదుటివారి వంతు అయ్యేదాకా ఆగడానికి! ఆ ఈస్ట్‌లేక్ కథ ఇది.

అట్లాంటాలో తెలుగువాళ్లకు కొదవలేదు. ఆల్ఫరెటా, కమింగ్, జాన్స్‌క్రీక్... నగరానికి ఉత్తరాన ఉన్న ఈ శివార్లలో ఇండియన్ స్టోర్‌కి వెళితే గోంగూర దగ్గర తెలుగు మాటలు వినిపిస్తాయి. పిల్లల్ని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలకు అక్కడ చూపించే చోట్లకూ ఓ వరస ఉంటుంది. రివర్‌డేల్‌లో వెంకన్న గుడి, లిల్‌బర్న్‌లో స్వామినారాయణ్ మందిరం, కోకకోలా మ్యూజియం, జార్జియా అక్వేరియం, స్టోన్ మౌంటెన్, మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఆబర్న్ అవెన్యూ. ఈస్ట్‌లేక్ పేరు సాధారణంగా ఈ జాబితాలో కనిపించదు. నగరం నడిబొడ్డు నుంచి తూర్పుగా ఎనిమిది కిలోమీటర్లు వెళితే చాలు, ఆ పేట వచ్చేస్తుంది.

పెద్ద పెద్ద ఓక్ చెట్లు, పాతకాలపు ఇళ్లు, మధ్యలో ఓ చెరువు. చెరువును చుట్టుకుని పచ్చని తివాచీ పరిచినట్టు గోల్ఫ్ మైదానం. ఒడ్డున ఇంగ్లండ్ పల్లెల్లోని పాత బంగళాలను తలపించే క్లబ్ హౌస్. ఇదీ ఈస్ట్‌లేక్ గోల్ఫ్ క్లబ్. ప్రైవేటు క్లబ్బు కాబట్టి సభ్యులూ వారి అతిథులూ తప్ప మామూలు రోజుల్లో ఎవరూ లోపలికి వెళ్లలేరు. ఆ పక్కనే మరో గోల్ఫ్ మైదానం ఉంది. చిన్నది, తొమ్మిది గుంతలదే. దాని పేరు చార్లీ యేట్స్ గోల్ఫ్ కోర్స్. అక్కడికి ఎవరైనా వెళ్లొచ్చు. దాన్ని ఆనుకుని అపార్ట్‌మెంట్లు, ఓ బడి, వైఎంసీఏ భవనం. మన కథ ఎక్కువగా ఈ రెండో మైదానంలోనే నడుస్తుంది. కానీ మొదలు మాత్రం మొదటిదాంట్లోనే!

బంతి కదిలింది... చూసింది ఒక్కడే

ఈస్ట్‌లేక్ క్లబ్బు 1900ల తొలి దశకం నాటిది. 1902లో పుట్టిన బాబీ జోన్స్ అనే కుర్రాడు ఇక్కడే కర్ర పట్టడం నేర్చుకున్నాడు. చదువుకుని లాయరయ్యాడు. డబ్బు తీసుకోకుండా, అమెచ్యూర్‌గానే ఆడుతూ 1930లో ఆనాటి నాలుగు పెద్ద టోర్నీలనూ ఒకే ఏడాదిలో గెలిచాడు. 28 ఏళ్లకే పోటీల నుంచి తప్పుకున్నాడు. 1948లో జీవితంలో చివరిసారి 18 గుంతలూ ఆడింది కూడా ఈ మైదానంలోనే.

అయితే గోల్ఫ్ తెలిసినవాళ్లు ఆయన కప్పుల కంటే ముందు చెప్పుకొనేది ఓ ఓటమి గురించి. 1925 యూఎస్ ఓపెన్. గడ్డిలో ఉన్న బంతిని కొట్టబోతూ కర్ర ఆనించగానే బంతి కాస్త కదిలింది. చుట్టూ ఉన్నవాళ్లెవరూ గమనించలేదు. జోన్సే అధికారుల దగ్గరికి వెళ్లి చెప్పాడు. వాళ్లు అక్కడున్నవాళ్లను అడిగితే మాకేం కనిపించలేదన్నారు. నిర్ణయం నీదేనన్నారు అధికారులు. తనకు తానే ఒక స్ట్రోకు జరిమానా వేసుకున్నాడు. చివరికి ఆ టోర్నీలో విల్లీ మెక్‌ఫర్లేన్‌తో సమానంగా నిలిచి, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. ఆ ఒక్క స్ట్రోకు లేకపోతే ప్లేఆఫే ఉండేది కాదు, కప్పు ఆయనదే! అందరూ మెచ్చుకుంటే జోన్స్‌కు అది నచ్చలేదు. బ్యాంకును దోచుకోలేదని మనిషిని పొగుడుతారా అన్నది ఆయన వాదన.

గోల్ఫ్‌కీ మిగతా ఆటలకీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. క్రికెట్‌లో బంతి బ్యాటుకు తగిలిందో లేదో అంపైర్ చూసుకోవాలి. వేలెత్తేదాకా బ్యాట్స్‌మన్ కదలక్కర్లేదు. గోల్ఫ్‌లో ఆటగాడి వెంట రిఫరీ ఉండడు. ఎన్ని దెబ్బల్లో బంతిని గుంతలో వేశాడో ఆటగాడే లెక్క పెట్టుకోవాలి. పొదలో పడ్డ బంతిని కాలితో పక్కకు నెడితే అడిగేవాళ్లుండరు. పోటీల్లో మీ స్కోరు తోటి ఆటగాడు రాస్తాడు, అతని స్కోరు మీరు రాస్తారు. చివర్లో సరిచూసుకుని సంతకం పెట్టాలి. మన పల్లెల్లో బిళ్లంగోడు ఆడిన తరానికి ఈ సంగతి కొత్తగా ఉండదు. చిర్రగోనె అన్నా అదే. బిళ్ల ఎంతదూరం పోయిందో, ఔటో కాదో పిల్లలే తేల్చుకునేవారు. గొడవపడేవారు, మళ్లీ వాళ్లే సర్దుకునేవారు. తొండి ఆడినవాణ్ని మర్నాడు ఆటకు పిలిచేవారు కాదు. అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది!

అందరి ఆట కాదు

నిజాయతీకి మారుపేరైన ఈ ఆటకు చీకటి కోణమూ ఉంది. జోన్స్ కాలంలో అట్లాంటాలో నల్లవారు మైదానంలోకి వచ్చేది సంచులు మోయడానికే. ఊరి పన్నులతో నడిచే మునిసిపల్ మైదానాల్లో కూడా వాళ్లను ఆడనిచ్చేవారు కాదు. 1951లో డాక్టర్ హామిల్టన్ హోమ్స్, ఆయన కొడుకులు ఓ మునిసిపల్ మైదానానికి ఆడ్డానికి వెళితే తిప్పి పంపేశారు. ఆ మైదానం పేరేమిటో తెలుసా... బాబీ జోన్స్ గోల్ఫ్ కోర్స్! హోమ్స్ కుటుంబం కోర్టుకెక్కింది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1955లో తీర్పు వాళ్లకు అనుకూలంగా వచ్చాక, ఆ క్రిస్మస్ ముందురోజున నల్లవారు అట్లాంటా మునిసిపల్ మైదానంలో తొలిసారి అడ్డులేకుండా ఆడారు.

చట్టం మారింది కానీ మనుషులు కలిసిపోలేదు. 1960లలో నల్లవారి కుటుంబాలు ఈస్ట్‌లేక్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కోవడం మొదలుపెట్టగానే తెల్లవారు ఇళ్లమ్ముకుని శివార్లకు తరలిపోయారు. క్లబ్బును నడిపే అట్లాంటా అథ్లెటిక్ క్లబ్ కూడా అదే దారి పట్టింది. ఈస్ట్‌లేక్‌లో అప్పటికి రెండు మైదానాలుండేవి. రెండోదాన్ని అమ్మేసింది. ఇల్లు వదల్లేని పాతికమంది సభ్యులు కలిసి మొదటిదాన్ని కొనుక్కుని ఎలాగో నడుపుకొచ్చారు. అమ్మేసిన మైదానంలో 1970 ప్రాంతంలో ప్రభుత్వం పేదల కోసం 650 ఇళ్లు కట్టించింది. వాటికి ఈస్ట్‌లేక్ మెడోస్ అని పేరు పెట్టింది. మెడోస్ అంటే పచ్చికబయళ్లు. పేరు ఎంత చక్కగా ఉందో కదా!

'చిన్న వియత్నాం'

ఇళ్ల నాణ్యత మొదటి నుంచీ అంతంతమాత్రం. మురుగు పొంగేది, గోడలు చెమ్మగిల్లేవి. మరమ్మతులు చేయించే నాథుడు లేడు. ఉద్యోగాలు లేవు. మత్తుమందుల ముఠాలు దిగాయి. తుపాకుల మోత ఎంత మామూలైపోయిందంటే ఆ పేటను జనం 'లిటిల్ వియత్నాం' అని పిలిచేవారు. 1990ల నడుమ ఆ ఇళ్లలో పని దొరికిన పెద్దలు నూటికి 13 మందే అని ఈస్ట్‌లేక్ ఫౌండేషన్ లెక్కలు చెబుతాయి. అక్కడి బడిలో అయిదో తరగతి పిల్లల్లో లెక్కల్లో రాష్ట్ర ప్రమాణాన్ని అందుకున్నవారు నూటికి అయిదుగురు. పక్కనే గోల్ఫ్ మైదానం ఉంది. అదీ కళ తప్పింది. కానీ కంచె మాత్రం చెక్కు చెదరలేదు. అటువైపు ఏముందో ఇటువైపు పిల్లలకు తెలియదు, ఇటువైపు ఎవరున్నారో అటువాళ్లకు పట్టదు.

అలాగని మెడోస్‌లో ఉన్నవాళ్లంతా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అక్కడి అద్దెదారుల సంఘానికి ఈవా డేవిస్ అనే ఆవిడ అధ్యక్షురాలు. గట్టి మనిషి. ఇళ్లు బాగుచేయించమని అధికారుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు. జనాన్ని కూడగట్టారు, నిలదీశారు. తన పేట గురించి బయటివాళ్లు చెడుగా మాట్లాడితే ఊరుకునేవారు కాదు.

సరిగ్గా అప్పుడే టామ్ కజిన్స్ రంగంలోకి వచ్చారు. ఆయన అట్లాంటాలో పేరున్న బిల్డర్. నగరంలో పెద్ద పెద్ద భవనాలు ఆయన కట్టినవే. న్యూయార్క్ జైళ్లలోని ఖైదీల్లో ఎక్కువమంది కేవలం ఎనిమిది పేటల నుంచే వచ్చారని పత్రికలో చదివి ఆయన ఆలోచనలో పడ్డారట. అట్లాంటాలో అలాంటి పేట ఏదని వాకబు చేస్తే ఈస్ట్‌లేక్ పేరు వచ్చింది. 1993లో శిథిలమవుతున్న గోల్ఫ్ క్లబ్బును కొన్నారు. 1995లో ఈస్ట్‌లేక్ ఫౌండేషన్ పెట్టారు. నగర గృహనిర్మాణ సంస్థకు అప్పుడు కొత్తగా అధిపతి అయిన రెనే గ్లోవర్ ఆయనతో చేయి కలిపారు.

కజిన్స్ పద్ధతి కాస్త విచిత్రం. క్లబ్బును పాత వైభవానికి తెచ్చి, పెద్ద కంపెనీలకు సభ్యత్వాలు అమ్మారు. అయితే సభ్యత్వం కావాలంటే ఫౌండేషన్‌కు రెండు లక్షల డాలర్లు విరాళం ఇమ్మన్నారు. అలా వచ్చిన సొమ్ముతో పేటను బాగుచేయాలన్నది ఆలోచన. ఒక పరమార్థం కోసం గోల్ఫ్... ఇదీ ఆ క్లబ్బు నినాదం. డబ్బున్నవాళ్ల సరదాతోనే పేదపిల్లల చదువుకు దారి వేయడమన్నమాట.

ఇళ్లు పడగొట్టి కొత్తవి కడతామంటే ఈవా డేవిస్ ఒప్పుకోలేదు. ఎందుకు నమ్మాలి? ఇలాంటి మాటలు చెప్పి ఖాళీ చేయించి, తర్వాత మొహం చాటేసిన వాళ్ల కథలు ఆవిడకు తెలుసు. పైగా వచ్చినాయన బిల్డర్! నెలల తరబడి వాదోపవాదాలు. మాటలు కాదు, కాగితం మీద హామీలు కావాలని పట్టుబట్టారు. చివరికి ఒప్పందం కుదిరింది. 1996 తర్వాత దశలవారీగా మెడోస్‌ను పడగొట్టి, 2001 నాటికి 542 ఇళ్లు కట్టారు. అందులో సగం పేదలకు, సగం మార్కెట్ అద్దె కట్టగలిగేవారికి. ఏ ఇల్లు ఎవరిదో బయటినుంచి చూస్తే తెలియదు. 2000లో డాక్టర్ చార్లెస్ డ్రూ పేరిట బడి మొదలైంది. రక్తాన్ని ప్లాస్మాగా భద్రపరచి బ్లడ్ బ్యాంకులకు బాట వేసిన నల్లజాతి వైద్యుడాయన. అట్లాంటాలో అది మొట్టమొదటి చార్టర్ స్కూలు. ప్రభుత్వ నిధులతో నడుస్తూ, పాఠాలు ఎలా చెప్పాలో తానే నిర్ణయించుకునే బడిని అక్కడ చార్టర్ స్కూలంటారు.

మొదటి 'టీ'... తాగేది కాదు

పేట బాగుపడుతున్న రోజుల్లోనే దేశం మొత్తమ్మీద మరో ప్రయత్నం మొదలైంది. 1997లో అమెరికాలోని పెద్ద గోల్ఫ్ సంస్థలన్నీ కలిసి 'ఫస్ట్ టీ' అనే లాభాపేక్ష లేని కార్యక్రమాన్ని ప్రారంభించాయి. మాజీ అధ్యక్షుడు సీనియర్ జార్జ్ బుష్ దానికి గౌరవ అధ్యక్షుడు. గోల్ఫ్‌లో బంతిని నిలబెట్టే చిన్న పుల్లను టీ అంటారు. ఆట మొదలుపెట్టే చోటు పేరు కూడా అదే. మొదటి గుంతకు ఆట మొదలయ్యే చోటు ఫస్ట్ టీ. బతుకు ఆటలో పిల్లలు తొలి దెబ్బ కొట్టే చోటన్నది ఆ పేరులోని భావం.

గోల్ఫ్ ఎన్నడూ ఎరగని పిల్లలకు అందుబాటులో చిన్న మైదానాలు కట్టిద్దామన్నదే తొలి ఆలోచన. కానీ మైదానం కట్టినంత మాత్రాన పిల్లలు మారిపోరు కదా! అందుకే ఆటతోపాటు జీవన నైపుణ్యాలు నేర్పే పాఠ్య ప్రణాళిక తయారుచేశారు. చాలా ఏళ్లు ఆ పాఠాలన్నీ తొమ్మిది విలువల చుట్టూ తిరిగాయి. నిజాయతీ, చిత్తశుద్ధి, క్రీడాస్ఫూర్తి, గౌరవం, ఆత్మవిశ్వాసం, బాధ్యత, పట్టుదల, మర్యాద, విచక్షణ. ఈ కార్యక్రమం చార్లీ యేట్స్ మైదానంలోనూ అడుగుపెట్టింది. పాత రెండో మైదానం ఉన్న నేల మీదే, కూల్చేసిన మెడోస్ స్థలాన్ని కలుపుకొని కట్టిన మైదానమది. 1938లో బ్రిటిష్ అమెచ్యూర్ టోర్నీ గెలిచిన అట్లాంటా ఆటగాడు చార్లీ యేట్స్ పేరు దానికి పెట్టారు.

అంతటితో ఆగలేదు. డ్రూ స్కూల్లో గోల్ఫ్‌ను వ్యాయామ విద్యలో భాగం చేశారు. మన బడుల్లో పీఈటీ సార్ విజిల్ ఊది ఖోఖో ఆడించినట్టు అక్కడ చిన్న తరగతుల నుంచే పిల్లల చేతికి గోల్ఫ్ కర్ర ఇస్తారు.

పాఠం ఎలా చెబుతారు?

"అబద్ధమాడకు, ఓపిక పట్టు" అని మనమూ పిల్లలకు రోజూ చెబుతూనే ఉంటాం. ఆ చెవిలో విని ఈ చెవిలో వదిలేస్తారు. ఫస్ట్ టీ శిక్షకులు ఉపన్యాసం ఇవ్వరు. పాఠాన్ని ఆటలో దాచేస్తారు.

ముందుగా పలకరింపు. వచ్చిన పిల్లలు శిక్షకుడి కళ్లలోకి చూసి, చేయి కలిపి, తమ పేరు స్పష్టంగా చెప్పాలి. ఇదేం గొప్ప అనిపిస్తుంది. కానీ కొత్తవాళ్లు కనిపిస్తే అమ్మ కొంగు చాటుకు వెళ్లే పిల్లలు ఏ ఊళ్లో లేరు! రేపు ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లినప్పుడు కావాల్సిన ధైర్యానికి తొలి మెట్టు ఇదే.

తర్వాత ఆట. ఎవరైనా కొట్టబోతుంటే మిగతావాళ్లు కదలకూడదు, మాట్లాడకూడదు. వాళ్ల నీడ కూడా బంతి మీద పడకూడదు. కర్ర తగిలి గడ్డి లేచిపోతే సరిచేయాలి. ఇసుక గుంతలో అడుగులు పడితే వెనకాలే చదును చేయాలి. వెనక వచ్చేది ఎవరో తెలియదు. అయినా వాళ్ల కోసం ఆ పని చేయాలి. మర్యాదకు ఇంతకంటే మంచి నిర్వచనం ఏ పుస్తకంలో దొరుకుతుంది!

అన్నిటికంటే కష్టమైన పాఠం ఓటమి. గోల్ఫ్ గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. ఎంతటి ఆటగాడికైనా తప్పడమే ఎక్కువ. చిన్నపిల్లల సంగతి చెప్పేదేముంది? కోపంతో కర్ర విసిరేసే పిల్లలుంటారు, ఏడ్చేవాళ్లుంటారు. వాళ్ల కోసం నాలుగు మెట్ల చిట్కా ఉంది. ఏం జరిగిందో ఓసారి తలుచుకో. ఊపిరి పీల్చి కుదుటపడు. ఎలా కొట్టాల్సిందో కర్ర ఊపి చూసుకో. ఇక తర్వాతి దెబ్బకు సిద్ధమవు. అంతే! పరీక్షలో మొదటి ప్రశ్న రాకపోయినా, స్నేహితుడితో గొడవపడినా ఇదే సూత్రం పనికొస్తుందని పిల్లలకు గుర్తుచేస్తారు. ఆవేశంలో నిర్ణయం తీసుకోకుండా ఆగు, ఆలోచించు, ఏమవుతుందో ఊహించు, అప్పుడు స్పందించు అని ఇంకో సూత్రం. చుట్టూ ముఠాలున్న పేటలో పెరిగే పిల్లవాడికి ఆ 'ఆగు' అన్న ఒక్క మాట ఎంత విలువైందో వేరే చెప్పాలా?

శిక్షకుల మాటతీరుకూ ఓ పద్ధతి ఉంది. "అలా కాదురా, చెప్తే వినవేం" అన్న మాట రాకూడదు. మొదట ఏం బాగా చేశావో నువ్వే చెప్పు అంటారు. తర్వాత ఇంకేం బాగుపడొచ్చు అని అడుగుతారు. ఆపైన అది ఎలా సాధ్యమో ఇద్దరూ కలిసి చూస్తారు. ప్రోగ్రెస్ కార్డు చేతికి రాగానే తగ్గిన మార్కుల మీదే వేలు పెట్టే మనలాంటి తల్లిదండ్రులం పైసా ఖర్చు లేకుండా తెచ్చుకోదగ్గ పద్ధతి ఇది.

మైదానంలో నేర్చుకున్నది ఇంటికీ బడికీ వస్తుందా అన్న అనుమానం న్యాయమైనదే. మిన్నెసోటా యూనివర్సిటీకి చెందిన మౌరీన్ వీస్ బృందం ఈ విషయంపైనే కొన్నేళ్లు పరిశోధించింది. ఫస్ట్ టీ పిల్లలతో, తల్లిదండ్రులతో, శిక్షకులతో మాట్లాడింది. నేర్చుకున్నవాటిని పిల్లలు బయట కూడా వాడుతున్నారని తేల్చింది. అయితే ఆట ఆడినంత మాత్రాన గుణాలు వాటంతట అవే రావు. వాటిని పనిగట్టుకుని నేర్పాలి, నేర్పేవాళ్లకు శిక్షణ ఉండాలి. కొసమెరుపు అదే!

గెలిచారు సరే... ఎవరు మిగిలారు?

2019 మే నెలలో డ్రూ స్కూల్ అబ్బాయిల జట్టు జార్జియా రాష్ట్ర హైస్కూల్ గోల్ఫ్ టైటిల్‌ను తమ విభాగంలో గెలుచుకుంది. ఆటగాళ్లంతా నల్లజాతి పిల్లలే ఉన్న జట్టు ఆ రాష్ట్రంలో గోల్ఫ్ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. హోమ్స్ కుటుంబాన్ని మైదానం గేటు దగ్గరే ఆపేసిన నగరంలో 68 ఏళ్ల తర్వాత జరిగిందిది. ఆ వార్త చదివి కళ్లు చెమర్చిన పెద్దవాళ్లు అట్లాంటాలో ఎందరో ఉండి ఉంటారు.

అలాగని ఈస్ట్‌లేక్‌ను ఓ అందమైన కథగా చెప్పి ముగించేస్తే అన్యాయమవుతుంది. పాత మెడోస్‌లో పేదల ఇళ్లు 650. కొత్త సముదాయంలో వాళ్లకు దక్కినవి 542లో సగం, అంటే 271. పాతవాటిలో కొన్ని ఉండటానికి వీల్లేని స్థితికి వచ్చి ఖాళీగా ఉన్నమాట నిజమే. అయినా అక్కడి నుంచి కదిలిన కుటుంబాల్లో తిరిగొచ్చినవి తక్కువే. నిబంధనలు కుదరక కొందరు, వేరేచోట స్థిరపడి కొందరు, మళ్లీ నమ్మలేక ఇంకొందరు రాలేదు. నేరాలు తగ్గాయి, బడి బాగుపడింది, చుట్టుపక్కల ఇళ్ల ధరలు పెరిగాయి. మరి పాతవాళ్లలో ఎందరు ఆ బాగును అనుభవిస్తున్నారు? మెడోస్ మీద 2020లో అమెరికా పబ్లిక్ టీవీలో వచ్చిన డాక్యుమెంటరీ, అక్కడ పెరిగినవాళ్ల నోటితోనే ఈ ప్రశ్న అడిగించింది.

అందుకే ఈస్ట్‌లేక్‌ను మార్చింది గోల్ఫే అనడం సరికాదు. చినుకు పడితే కారని ఇల్లు, నడిచి వెళ్లగలిగే దూరంలో మంచి బడి, పసిపిల్లలకు శిశుకేంద్రం, సాయంత్రాలు ఆడుకోవడానికి భద్రమైన చోటు... ఇవన్నీ ఒకేసారి కుదిరాయి. వాటి నడుమ ఆట వచ్చింది. ఆకలితో, భయంతో ఉన్న పిల్లాడికి కర్ర చేతికిచ్చి ఓపిక పట్టు అంటే అది పాఠం కాదు, వేళాకోళం. ఈ నమూనానే వేరే నగరాలకూ తీసుకెళ్లడానికి కజిన్స్, వారెన్ బఫెట్, జూలియన్ రాబర్ట్‌సన్ కలిసి 2009లో 'పర్పస్ బిల్ట్ కమ్యూనిటీస్' అనే సంస్థ పెట్టారు. కజిన్స్ 2025లో 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇక ఆయనతో ఢీ అంటే ఢీ అన్న ఈవా డేవిస్? డ్రూ స్కూలున్న వీధికి ఆవిడ పేరే పెట్టారు. ఈవా డేవిస్ వే! ప్రశ్నించినావిడ పేరు చదువుకుంటూ పిల్లలు బడికి వెళతారు.

మనవాడి రెండు స్ట్రోకులు

2004 నుంచి ఏటా అమెరికా గోల్ఫ్ సీజన్‌లో చివరిదైన టూర్ ఛాంపియన్‌షిప్‌కు ఈస్ట్‌లేక్ క్లబ్బే వేదిక. ఆ ఏడాది బాగా ఆడిన 30 మందికే అందులో చోటు. ఆ టోర్నీ మీద వచ్చే సొమ్ములో కొంత ఈస్ట్‌లేక్ ఫౌండేషన్‌కూ, అట్లాంటాలోని ఫస్ట్ టీకీ వెళుతుంది.

2024లో ఆ 30 మందిలో ఓ తెలుగు పేరుంది. తీగల సాహిత్. పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. తండ్రి మురళీధర్ 1987లో హైదరాబాద్ నుంచి పై చదువులకు అమెరికా వెళ్లారు. మూడో రోజు ఆటలో, మూడో గుంత దగ్గర సాహిత్ బంతి ఇసుకలో పడింది. కొట్టడానికి కర్ర వెనక్కి తీస్తున్నప్పుడు అది ఇసుకకు తగిలినట్టు అతనికి అనిపించింది. నిబంధనల ప్రకారం అలా తగలకూడదు. టీవీ కెమెరాల్లో చూసినా స్పష్టంగా తెలియలేదు. వేరెవరూ వేలెత్తి చూపలేదు. కానీ తానే అధికారికి చెప్పి రెండు స్ట్రోకుల జరిమానా వేయించుకున్నాడు.

చివరికి మూడో స్థానంలో నిలిచాడు. ఆ రెండు స్ట్రోకులు లేకపోతే లెక్క ప్రకారం రెండో స్థానాన్ని పంచుకునేవాడు. మూడో స్థానానికి బహుమతి 75 లక్షల డాలర్లు, రెండో స్థానానికి కోటీ 25 లక్షలు. ఇద్దరూ పంచుకుంటే చెరో కోటి. అంటే అతను చెప్పిన నిజం ఖరీదు పాతిక లక్షల డాలర్లు! బాబీ జోన్స్ కర్ర పట్టడం నేర్చుకున్న మైదానంలోనే, ఆయన జరిమానా వేసుకున్న 99 ఏళ్లకు ఇది జరిగింది. ఫస్ట్ టీ పిల్లలకు నిజాయతీ అనే పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అదీ పక్క మైదానంలోనే!

వెళ్లాలనుకుంటే...

ఈస్ట్‌లేక్ చూడాలనుకుంటే రెండు దారులు. క్లబ్బు లోపలి మైదానం చూడాలంటే ఆగస్టు చివర్లో జరిగే టూర్ ఛాంపియన్‌షిప్‌కు టిక్కెట్టు కొనుక్కోవాలి. అప్పుడు ఎండా ఉక్కపోతా మన శ్రావణమాసంలాగే ఉంటాయి. గొడుగూ నీళ్లూ మరిచిపోవద్దు, మైదానంలోకి ఏవి అనుమతిస్తారో ముందే కనుక్కోండి. పేట చూడాలంటే ఏప్రిల్ బాగుంటుంది. వీధుల పొడవునా డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూస్తాయి. చార్లీ యేట్స్ మైదానంలో రుసుము కట్టి ఎవరైనా ఆడొచ్చు. ఆట రాకపోయినా ఫర్వాలేదు. బయటినుంచి అలా నడుచుకుంటూ వెళితే ఒకవైపు కోటీశ్వరుల క్లబ్బు, మరోవైపు బడి, మధ్యలో పిల్లల మైదానం... అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి.

మన దగ్గరా గోల్కొండ నయాఖిల్లా పక్కన, విశాఖలో సముద్రం దగ్గర గోల్ఫ్ మైదానాలున్నాయి. మన పిల్లలందరికీ అవి అందుబాటులోకి రావడం ఇప్పట్లో కష్టమే. కానీ ఈస్ట్‌లేక్ నుంచి తెచ్చుకోవాల్సింది గోల్ఫ్ కర్ర కాదు. వీధిలో ఆడే క్రికెట్టయినా, ఇంట్లో ఆడే క్యారమ్సయినా అంపైర్‌గా అమ్మానాన్నల్ని పిలవకుండా పిల్లలే స్కోరు రాసుకోనివ్వాలి. ఔటైతే ఔటని వాళ్లే చెప్పేలా ఉండాలి. అలా చెప్పిన రోజు గెలిచినా ఓడినా భుజం తట్టాలి. ముందు వాళ్లకు ఆడుకునే చోటు, తీరిక ఉండేలా చూడాలి. పాఠాల సంగతి ఆ తర్వాత ఆటే చూసుకుంటుంది.